సెగ చాలు, వాత అక్కర్లేదు

పోయిన నెల ఆక్యుపంక్చర్ గురించి రాస్తూ చివర్లో మాక్సిబషన్ అనే మాట వాడి, ఎండిన మూలికను కాల్చి ఒంటి మీద కొన్ని చోట్ల సెగ తగిలించే చైనా వైద్యం అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. దాని మీదే చాలామంది రాశారు. కొందరికి అది చేయించుకున్న అనుభవం ఉంది, కొందరికి భయం, ఇద్దరు ముగ్గురికి కాలిన గాయం కూడా ఉంది. ఆ చివరి ఉత్తరాలు చదివాక ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇవ్వాలనిపించింది. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆక్యుపంక్చర్ చేసేచోటికి తీసుకెళ్తే, సూదులు తీసేశాక లావుపాటి చుట్టలాంటిది వెలిగించి మోకాలికి దగ్గరగా పట్టుకున్నారు. గదంతా పొగ. అమ్మ మాత్రం హాయిగా ఉందంది. అసలు అదేమిటి? ఆక్యుపంక్చర్‌లో భాగమా, వేరే వైద్యమా?

జవాబు: రెండూ కవలల్లాంటివి. మనం ఆక్యుపంక్చర్ అని పిలిచేదాన్ని చైనా వాళ్లు జెన్‌జ్యూ అంటారు. జెన్ అంటే సూది, జ్యూ అంటే ఈ కాల్చి సెగ పెట్టే పద్ధతి. బయటి ప్రపంచానికి సూది సగమే బాగా తెలిసింది, సెగ సగం వెనకబడిపోయింది. యునెస్కో 2010లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు మాత్రం రెండింటినీ కలిపి ఒకే పేరుతో చేర్చింది.

రెండింట్లో సెగే ముందు పుట్టిందేమో అనిపించే ఆధారం కూడా ఒకటుంది. హునాన్ రాష్ట్రంలో చాంగ్‌షా దగ్గర మావాంగ్‌డ్వే అనే చోట పాత సమాధులున్నాయి. వాటిలో క్రీస్తుపూర్వం 168లో మూసిన ఒక సమాధిని 1973లో తవ్వితే పట్టుగుడ్డ మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. ఒంట్లో పదకొండు నాడీమార్గాలున్నాయని, ఏ బాధకు ఏ మార్గం మీద కాల్చాలో వాటిలో రాసి ఉంది. ఆ మార్గాల గ్రంథాల్లో సూది ఊసే లేదు, అంతా నిప్పే.

ఇక ఆ చుట్ట సంగతి. అందులో ఉన్నది పొగాకు కాదు, మాచిపత్రి జాతి మొక్క ఆకు. చైనాలో ఆ మొక్కను ఐ అంటారు. ఆకు పైవైపు పచ్చగా ఉంటుంది, తిరగేస్తే అడుగున తెల్లగా సన్నటి నూగు కనిపిస్తుంది. అసలు సరుకు ఆ నూగే. ఆకును బాగా ఎండబెట్టి, దంచి, జల్లెడ పడతారు. ఈనెలు, పొడి రాలిపోయి చివరికి దూదిలాంటి పీచు మిగులుతుంది, దాన్నే మాక్సా అంటారు. ఎంత ఎక్కువ దంచి జల్లిస్తే అంత మెత్తగా, అంత పసుపు రంగులో వస్తుంది. ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి, వేళ్ల మధ్య నలిపితే పిల్లి బొచ్చులా మెత్తగా ఉండి, చెప్పిన ఆకారానికల్లా వచ్చేస్తుంది. దాన్ని కాగితంలో చుడితే మీరు చూసిన చుట్ట, వేళ్లతో నొక్కితే చిన్న శంకువు. మంట లేకుండా, ఆరిపోకుండా, నిదానంగా ఒకే తీరున కాలడం దీని గుణం. ఇన్ని ఆకులుండగా దీన్నే ఎందుకు పట్టుకున్నారంటే ముఖ్యంగా అందుకే.

హుబే రాష్ట్రంలోని చీచున్ ఈ ఆకుకు పేరుపడ్డ ఊరు. 16వ శతాబ్దపు గొప్ప మూలికా వైద్యుడు లీ షిజెన్ పుట్టిందీ అక్కడే. చైనా పంచాంగంలో ఐదో నెల ఐదో రోజున పడవల పండుగ చేసుకుంటారు, ఆ రోజు ఈ కొమ్మలను గుమ్మాలకు కట్టుకుంటారు, ఆకు కోసేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. మాక్సా అన్న పేరు మాత్రం జపాన్ మాట మొగుసా నుంచి వచ్చింది. 1670ల్లో బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, ఉన్న హెర్మన్ బుస్‌కాఫ్ అనే డచ్ పాస్టర్ తన కీళ్లవాతానికి ఈ వైద్యం చేయించుకుని, నొప్పి తగ్గిందని దాని గురించి పుస్తకం రాశాడు. యూరప్‌కు ఆ పేరు ఎక్కువగా అలా పరిచయమైంది.

మీ అమ్మగారికి హాయిగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. మంచి చేతిలో పడితే ఆ సెగ చర్మం మీద చురుక్కుమనదు, మెల్లగా లోపలికి ఇంకుతున్నట్టు ఉంటుంది. ఆ లోపలికి ఇంకే భావన కోసమే చేసేవాళ్లు ఎదురుచూస్తారు కూడా.

ప్రశ్న: నడుం నొప్పికి మాక్సా పెట్టించుకున్నాను. మంటగా ఉందంటే "కాస్త ఓర్చుకోండి, బొబ్బ లేస్తేనే రోగం బయటికి పోయినట్టు" అన్నారు. రూపాయి బిళ్లంత బొబ్బ లేచి, పగిలి, చీము పట్టి, మానడానికి మూడు వారాలు పట్టింది. మచ్చ ఉండిపోయింది. నిజంగా బొబ్బ వస్తేనే గుణమా?

జవాబు: కాదండీ. మీ ఉత్తరం చదువుతుంటే మనసు చివుక్కుమంది. ఓర్చుకోమన్న మాట మీతో అని ఉండాల్సింది కాదు. మంటగా ఉందని మీరు చెప్పిన క్షణంలోనే చెయ్యి వెనక్కి తీసి ఉండాల్సింది.

అయితే ఆ మాట వాళ్లు గాల్లోంచి పుట్టించిందీ కాదు, దాని వెనక పాత చరిత్ర ఉంది. పూర్వం చైనాలో శంకువును నేరుగా చర్మం మీదే పెట్టి, పూర్తిగా కాలనిచ్చి, కావాలనే పుండు చేసేవాళ్లు. పుండు పడి చీము కారితే ఆ దారిన రోగం పోతుందని నమ్మకం. 7వ శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావ్, దక్షిణానికి, పడమటికి ప్రయాణమయ్యే అధికారులు విషగాలి సోకకుండా ఒంటి మీద రెండు మూడు మాక్సా పుళ్లు మానకుండా ఉంచుకోవాలని కూడా రాశాడు. తైపేలోని జాతీయ మ్యూజియంలో సోంగ్ రాజుల కాలం నాటి ఒక బొమ్మ ఉంది, లీ తాంగ్ అనే చిత్రకారుడు గీశాడని చెబుతారు. చెట్టు కింద పల్లెటూరి వైద్యుడు ఒకాయన వీపు మీద వంగి పనిచేస్తుంటాడు. రోగి నోరు తెరిచి అరుస్తుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు అతని చేతులు, కాళ్లు కదలకుండా గట్టిగా పట్టుకుని ఉంటారు. వెనకాల ఒక కుర్రాడు పుండు మీద వేయడానికి పట్టీ సిద్ధంగా పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ బొమ్మ నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ నా కళ్లు ఆ రోగి మొహం మీదే ఆగుతాయి. ఇప్పటి మందులు లేని కాలంలో వాళ్లు చేసిన పని అది. ఇప్పటికీ చైనాలో, జపాన్‌లో మచ్చ పడే పద్ధతి చేసేవాళ్లు కొందరున్నారు, కానీ మచ్చ పడుతుందని ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్లకే చేయాలి. మీకు చెప్పలేదు. నొప్పి అన్నాక కూడా ఆపలేదు. అది పద్ధతి కాదు, నిర్లక్ష్యం.

కాలడం ఎలా జరుగుతుందో కూడా తెలుసుకోండి, ఇంకోసారి ఎవరైనా ఓర్చుకోమంటే జవాబు చెప్పడానికి పనికొస్తుంది. చర్మం 44 డిగ్రీల సెల్సియస్ వేడిని కొన్ని గంటలు తట్టుకుంటుంది. అదే 60 డిగ్రీలైతే ఐదు సెకన్లలో కాలిపోతుంది. మధ్యలో ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ గడువు చరచరా తగ్గిపోతుంది. మాక్సా కొన వందల డిగ్రీల వేడిలో ఉంటుంది. అంటే చర్మానికీ ఆ కొనకీ మధ్య ఉన్న రెండు మూడు సెంటీమీటర్ల గాలే మీ రక్షణ. చేతిలోని చుట్ట ఒక్క సెంటీమీటర్ కిందికి జారితే సెగ కాస్తా వాత అవుతుంది. అందుకే ఇది చేసే మనిషి కళ్లు, చెయ్యి మొత్తం ఆ చోటు మీదే ఉండాలి.

నేనూ ఒకసారి తప్పు చేశాను, చెప్పేస్తాను. నేర్చుకున్న కొత్తల్లో ఒక పెద్దావిడ భుజానికి సెగ పెడుతూ ఆవిడ చెబుతున్న కబుర్లలో పడిపోయాను. చుట్ట కొనన బూడిద పేరుకుంటోంది, దులపాలన్న ధ్యాస లేదు. గోరంత బూడిద ముద్ద, లోపల ఇంకా ఎర్రగా ఉన్నది, తెగి ఆవిడ భుజం మీద పడింది. ఆవిడ ఉలిక్కిపడింది, అంతే, ఒక్క మాట అనలేదు. ఆ చిన్న ఎర్రమచ్చ మానేదాకా రోజూ వెళ్లి చూసొచ్చాను. అప్పట్నుంచి పక్కన గిన్నె పెట్టుకుని నిమిషానికోసారి బూడిద దులపకుండా నేనెప్పుడూ చేయలేదు, చేస్తున్నంతసేపూ మాట్లాడను.

ఇక ముందు ఎప్పుడైనా బొబ్బ వస్తే వెంటనే మామూలు చల్లటి నీళ్లు ఇరవై నిమిషాల పాటు ఆ చోటు మీద పారనివ్వండి, ఐసు వద్దు, బొబ్బ చిదమొద్దు, శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి. చీము, జ్వరం, చుట్టూ ఎరుపు పాకడం కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మళ్లీ అదే మనిషి దగ్గరికి మాత్రం వెళ్లకండి.

ప్రశ్న: నాకు చర్మం మీద అల్లం ముక్క పెట్టి దాని మీద కాల్చారు. మా వదినకు బొడ్డులో ఉప్పు పోసి చేశారు. ఇవెందుకు?

జవాబు: చర్మానికీ నిప్పుకీ మధ్య అడ్డు కోసం. అల్లాన్ని రెండు మూడు మిల్లీమీటర్ల మందాన కోసి, సూదితో బెజ్జాలు పొడిచి, మీద శంకువు పెడతారు. తడి అల్లం వేడిని నిదానం చేస్తుంది. వెల్లుల్లి ముక్కతోనూ చేస్తారు, కానీ వెల్లుల్లి రసమే కొందరి చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది, నాకది నచ్చదు. బొడ్డు దగ్గర సూది గుచ్చకూడదని చైనా వైద్యంలో నియమం, అందుకని అక్కడ ఉప్పు నింపి సెగ ఒక్కటే పెడతారు. అడ్డు ఉంది కదా అని ధీమా పడొద్దు. అల్లం ఒకసారి వేడెక్కిందంటే శంకువు తీసేసినా చల్లారదు, మంట మొదలవుతూనే ముక్కను కూడా తీసేయమనండి.

ప్రశ్న: నాకిప్పుడు ముప్పై మూడో వారం. బిడ్డ తల పైకి, కాళ్లు కిందికి ఉన్నాయని స్కాన్‌లో చెప్పారు. కాలి చిటికెన వేలి దగ్గర మాక్సా పెడితే బిడ్డ తిరుగుతుందని ఒక స్నేహితురాలు అంటోంది. వినడానికే వింతగా ఉంది. నమ్మొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు టెన్షన్ కొంచెం తగ్గించుకో. ఈ వారాల్లో ఎదురు తిరిగి ఉన్న పిల్లల్లో చాలామంది ఏమీ చేయకుండానే వాళ్లంతట వాళ్లే తిరుగుతారు. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురో నలుగురో మాత్రమే అలా మిగులుతారు.

వింతగా ఉన్నా, మొత్తం మాక్సా వైద్యంలో శాస్త్రీయంగా బాగా పరీక్షించిన వాడకాల్లో ఇదొకటి. చిటికెన వేలి గోరు బయటి మూలన ఉండే ఆ చోటును చైనాలో జియిన్ అంటారు. జియాంగ్షీ రాష్ట్రంలో తొలి కాన్పు ఆడవాళ్లు 260 మందిని, నీలాగే ముప్పై మూడో వారంలో ఉన్నవాళ్లను తీసుకుని, సగం మందికి వారం పాటు, బిడ్డ తిరక్కపోతే ఇంకో వారం, ఆ చోట సెగ పెట్టారు. ఫలితాలు 1998లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చాయి. ముప్పై ఐదో వారానికి సెగ పెట్టిన 130 మందిలో 98 మందికి బిడ్డ తల కిందికి వచ్చింది, పెట్టని 130 మందిలో 62 మందికి వచ్చింది. సెగ పెట్టినవాళ్లలో బిడ్డ కదలికలు కూడా ఎక్కువగా ఉన్నాయి.

అక్కడితో ఆగితే నీకు సగం నిజమే చెప్పినట్టవుతుంది. అదే పరిశోధకుల్లో ఒకరు తర్వాత ఇటలీలో మళ్లీ ప్రయత్నించారు. అక్కడ పొగ వాసన పడక, ఇతర ఇబ్బందులతో చాలామంది మధ్యలోనే మానేశారు, పరిశోధన ముందే ఆపేయాల్సి వచ్చింది, తేడా కనిపించలేదు. ఇలాంటి పరిశోధనలన్నిటినీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2023లో తన సమీక్షను కొత్తగా రాసింది. మామూలు వైద్యంతో పాటు మాక్సా కూడా చేస్తే పుట్టేవేళకు ఎదురు తిరిగి ఉండే అవకాశం బహుశా కొంత తగ్గుతుందని అందులో తేల్చారు. కొంత అన్న మాట గుర్తుపెట్టుకో. నూటికి నూరు పాళ్లు కాదు. ఆపరేషన్ తప్పుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకు.

నా సలహా ఏమిటంటే, ముందు నీ డాక్టర్‌తో చెప్పు. మాయ కిందికి ఉండటం, ఉమ్మనీరు తక్కువ కావడం, కవలలు, రక్తస్రావం, బీపీ, ఇంతకు ముందు ఆపరేషన్ ఇలాంటివి ఏమైనా ఉంటే ఈ ఆలోచనే వదిలేయాలి. డాక్టర్ సరేనంటే, చేయించుకునేది కాలి వేలి దగ్గర మాత్రమే. పొట్ట మీద, నడుం కింద గర్భిణికి ఎవరూ సెగ పెట్టకూడదు, చైనా వైద్యం కూడా అదే చెబుతుంది. నీ పొట్ట అడ్డుగా ఉంటుంది కాబట్టి నీ వేలికి నువ్వు పెట్టుకోలేవు, ఇంకొకరు కూర్చుని పెట్టాలి, కిటికీ తెరిచి ఉంచాలి. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి, సెగ పెట్టి చూద్దాం అనుకోకూడదు. ముప్పై ఆరు, ముప్పై ఏడు వారాలకు కూడా తిరగకపోతే డాక్టర్ పొట్ట మీద చేతులతో మెల్లగా తిప్పే పద్ధతి ఒకటుంది, దాని గురించి ఇప్పుడే అడిగి పెట్టుకో. బిడ్డ ఎలా వచ్చినా తల్లీబిడ్డా క్షేమంగా ఉండటానికి దారులున్నాయి.

ప్రశ్న: మా నాన్నగారికి ఇరవై ఏళ్లుగా షుగర్. పాదాలు చల్లగా ఉంటాయి, తిమ్మిరి, స్పర్శ సరిగా తెలియదు. చల్లటి పాదాలకు మాక్సా మంచిదని చదివి ఒక పెట్టె తెప్పించాను. ఎన్ని నిమిషాలు పెట్టాలి?

జవాబు: ఒక్క నిమిషం కూడా వద్దు. దయచేసి ఆ పెట్టె పక్కన పెట్టేయండి.

చల్లదనం ఉన్నచోట మాక్సా పెట్టాలని చైనా వైద్యం చెప్పే మాట నిజమే, మీరు చదివింది తప్పు కాదు. కానీ ఈ వైద్యమంతా ఒక మాట మీద నిలబడి ఉంది, వేడి ఎక్కువైతే మనిషి చెప్పగలగాలి. మీ నాన్నగారి పాదాలు చెప్పలేవు. కాలుతున్నా ఆయనకు తెలియదు, ఆ తర్వాత ఆ పుండు మానదు కూడా, ఎందుకంటే షుగర్ ముదిరిన పాదానికి రక్తం అందడమే కష్టం. చిన్న బొబ్బతో మొదలై వేలు తీసేయాల్సిన స్థితి దాకా వెళ్లొచ్చు. వేడినీళ్ల సంచి, హీటర్ కూడా ఇదే కారణంగా ఆయన పాదాలకు పనికిరావు. పాదాలు చల్లబడటం రక్తనాళాలు పూడుకుపోతున్న సంకేతం కావచ్చు, ఆయన్ను డాక్టర్‌కు చూపించి కాళ్లలో రక్తప్రసరణ, స్పర్శ పరీక్షలు చేయించండి. మీరు నాన్నగారి మీద ప్రేమతోనే తెప్పించారని అర్థమైంది, అదే ప్రేమతో రోజూ రాత్రి ఆయన పాదాల అడుగుభాగం, వేళ్ల సందులు దీపం వెలుగులో చూడండి, ఎక్కడైనా గీత, ఎరుపు, తడి ఉందేమో. అది ఏ సెగకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

పక్షవాతం వచ్చిన వైపు, మత్తుమందు తీసుకున్నవాళ్లకు, మాట రాని పసిపిల్లలకు కూడా ఇదే జవాబు.

ప్రశ్న: పొగ ఆరోగ్యానికి మంచిదని చెబుతున్నారు. నాకు ఆస్తమా.

జవాబు: పొగ పొగే. కాలిన ఆకు ఏదైనా సన్నటి ధూళి, కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు దూరంగా ఉండటం మంచిది. బొగ్గులా చేసిన పొగలేని చుట్టలు దొరుకుతాయి, పొగ చాలా తక్కువ, కానీ పూర్తిగా లేకుండా పోదు, పైగా వాటి వేడి మామూలు వాటికన్నా చురుగ్గా తగులుతుంది. ఇంకొకటి, చామంతి కుటుంబపు పూల పుప్పొడి పడనివాళ్లకు మాచిపత్రి కూడా పడకపోవచ్చు, అదీ అదే కుటుంబం. రోజంతా ఆ గదిలో పనిచేసే వాళ్ల సంగతి ఇంకా ముఖ్యం, గాలి బయటికి లాగే ఫ్యాన్ లేని గదిలో ఈ వైద్యం చేయకూడదనే అంటాను.

ప్రశ్న: మలేరియా మందుకు నోబెల్ వచ్చిన చైనా మొక్క ఇదేనా? అయితే దీని పొగ పీల్చినా మలేరియా రాదా?

జవాబు: ఇది కాదు, దాని బంధువు. చైనా శాస్త్రవేత్త తూ యూయూ గారికి 2015లో నోబెల్ తెచ్చిన మలేరియా మందు ఆర్టెమిసినిన్ చింగ్‌హావ్ అనే మొక్క నుంచి వచ్చింది. రెండూ ఆర్టెమిసియా ప్రజాతివే, జాతులు వేరు. సరదా అయిన సంగతి ఏమిటంటే ఆవిడకు దారి చూపించింది 4వ శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసిన ఒక చిట్కా, ఆ ఆకును కాచకుండా నీళ్లలో నానబెట్టి పిండిన రసం తాగమని. ఆ గె హోంగ్ భార్య బావ్ గూ మాక్సా పెట్టడంలో పేరు మోసిన వైద్యురాలు, గ్వాంగ్‌జౌ ప్రాంతంలో ఆవిణ్ని ఇప్పటికీ తలుచుకుంటారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకే కుటుంబపు మొక్కలతో వైద్యం చేశారన్నమాట! పొగకూ మలేరియాకూ మాత్రం సంబంధం లేదు. జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: సూటిగా అడుగుతున్నాను. నాడీమార్గాలు, వాటిలో పారుతుందనే చీ శక్తి అన్నీ పక్కన పెడితే ఇది వేడి కాపడమే కదా? వేడినీళ్ల సంచి పెట్టుకుంటే సరిపోదా?

జవాబు: మంచి ప్రశ్న, నన్ను నేను చాలాసార్లు వేసుకున్న ప్రశ్న కూడా. చీ, మార్గాలు అన్నవి శరీరం కోసి చూస్తే కనిపించేవి కావు. అవి రెండు వేల ఏళ్ల కిందటి వైద్యులు తమకు కనిపించినదాన్ని అర్థం చేసుకోవడానికి కట్టుకున్న భాష. చలి లోపల చేరింది, కదలిక ఆగింది, నిప్పు పెడితే కదులుతుంది, ఆ భాషలో మాక్సా వివరణ అంతే. అందుకే ఎర్రగా వాచి వేడిగా ఉన్న కీలుకు, జ్వరానికి దీన్ని వాడొద్దన్నారు, ఇప్పటి వైద్యం ప్రకారం చూసినా అది తెలివైన మాటే.

మోకాళ్ల అరుగుదల నొప్పికి, బహిష్టు నొప్పికి చేసిన పరిశోధనల్లో కొంత ఉపశమనం కనిపించింది. చిక్కేమిటంటే వాటిలో చాలావాటి నాణ్యత తక్కువ, పైగా ఉత్తుత్తి మాక్సా పెట్టి పోల్చడం కష్టం, సెగ తగిలిందో లేదో రోగికి తెలిసిపోతుంది కదా. వేడికి రక్తనాళాలు విప్పారతాయి, బిగుసుకున్న కండరం వదులవుతుంది, నొప్పి కబురు మోసే నరాలు కాసేపు నెమ్మదిస్తాయి. ఇందులో పెద్ద భాగం వేడినీళ్ల సంచి కూడా చేస్తుంది. మామూలు నడుం పట్టుకు, మెడ పట్టుకు సంచితో మీకు హాయిగా ఉంటే అదే పెట్టుకోండి, పొగ లేదు, నిప్పు భయం లేదు.

అయినా నేను మాక్సా ఎందుకు మానలేదంటే, అరగంట సేపు ఇంకో మనిషి మీ నొప్పి ఉన్నచోటే కళ్లు పెట్టుకుని, మీ మొహం చూస్తూ, చెయ్యి దగ్గరికీ దూరానికీ జరుపుతూ కూర్చోవడం ఏ సంచీ చేయలేని పని. ఎన్నాళ్లుగానో నొప్పితో ఉన్నవాళ్ల ఊపిరి ఆ అరగంటలో ఎలా నిదానిస్తుందో దగ్గరుండి చూశాను. దాన్ని చీ అనాలో, నరాలనాలో, ఆదరణ అనాలో, మీకు నచ్చిన పేరు పెట్టుకోండి. కానీ క్యాన్సర్ తగ్గుతుంది, కిడ్నీ బాగవుతుంది, మందులు మానేయొచ్చు అని ఎవరైనా అంటే ఆ గుమ్మం తొక్కకండి. ఆ మాటలు నమ్మి విలువైన నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న: మా ఆవిడకు సాయంత్రానికి కాళ్లు లాగేస్తాయి. డాక్టర్‌కు చూపించాం, జబ్బేమీ లేదు, అలసటే అన్నారు. వైద్యుణ్ని అడిగి మాక్సా చుట్ట తెచ్చుకున్నాం. ఇంట్లో నేనే పెట్టొచ్చా? ఎలా?

జవాబు: పెట్టొచ్చు, జాగ్రత్తగా ఉంటానంటేనే. మొదటిసారి తెలిసినవాళ్ల ముందు చేసి చూపించండి.

కాళ్ల అలసటకు వాడే చోటును జుసాన్‌లీ అంటారు. మోకాలి చిప్ప కింది అంచు నుంచి మీ ఆవిడ వేళ్లతోనే నాలుగు వేళ్లు కిందికి కొలవండి, అక్కణ్నుంచి ముంగాలి ఎముక అంచు దాటి బయటివైపుకు ఒక వేలు వెడల్పు జరగండి. నొక్కితే కాస్త తీపుగా అనిపిస్తుంది. కొలత ఎప్పుడూ రోగి వేళ్లతోనే, మీ వేళ్లతో కాదు.

చుట్ట కొన ఎర్రగా, గుండ్రంగా అంటుకునేదాకా ఆగండి. చర్మానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. చేతిని గాల్లో వేలాడదీయకుండా మీ చిటికెన వేలిని ఆవిడ కాలికి ఆనించి పెట్టుకుంటే చెయ్యి వణకదు. రెండో చేతి చూపుడువేలు, మధ్యవేలు ఆ చోటుకు అటూ ఇటూ పెట్టండి. నాకు నేర్పినవాళ్లు మొదటిరోజు నేర్పింది ఇదే. ఆవిడకు తగిలే సెగ మీ రెండు వేళ్లకూ తగులుతుంది, ఆవిడ నోరు తెరిచి చెప్పేలోపే మీ వేళ్లు చెబుతాయి. చర్మం గులాబీ రంగుకు తిరిగితే చాలు, పది పదిహేను నిమిషాలకు మించొద్దు. ఒకే చోట పట్టుకోవచ్చు, మెల్లగా గుండ్రంగా తిప్పొచ్చు, పిచుక గింజలు ఏరుకున్నట్టు దగ్గరికీ దూరానికీ ఆడించొచ్చు, చైనాలో ఆ చివరిదానికి పేరే పిచుక పొడిచే పద్ధతి. కొత్తల్లో తిప్పడమే సులువు. మొహం మీద, కళ్ల దగ్గర, ఉబ్బిన నరాల మీద, గాయాల మీద వద్దు. ఆవిడకు జ్వరంగా ఉన్న రోజు, మీకు నిద్ర ముంచుకొస్తున్న రాత్రి కూడా వద్దు. నైలాన్ చీరలు, విప్పిన జుట్టు, ఆక్సిజన్ సిలిండర్ దరిదాపుల్లో ఉండకూడదు.

అన్నిటికన్నా ఎక్కువమంది తప్పు చేసేది ఆర్పేటప్పుడు. పైన నల్లబడింది కదా అని చుట్టను చెత్తబుట్టలో వేస్తారు. నివురు గప్పిన నిప్పు అంటే సరిగ్గా ఇదే, పైన బూడిద, లోపల ఎర్రటి కణిక, అరగంట తర్వాత కూడా అంటుకుంటుంది. నలిపితే ఆరదు. గాలి తగలకుండా చేస్తేనే ఆరుతుంది. మూతి ఇరుకుగా ఉన్న గాజు సీసాలో సగం ఇసుక పోసి, కాలిన కొనను అందులోకి నిలువుగా గుచ్చి, ఇనప మూత గట్టిగా పెట్టండి. ఇరవై నిమిషాలాగి తీసి, కొనకు పైభాగాన కాగితం మీద వేలు పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మళ్లీ గుచ్చండి. పడుకోబోయే ముందు ఇంకోసారి ముట్టుకుని చూసి, చల్లగా ఉందనిపించాకే దీపం ఆర్పండి.